ఎనిమిది నెలల పాప చేతికి వంటింటి సామాను ఇవ్వొచ్చా? మా ఇంట్లో రోజూ ఇదే వాదన

వేదాయపాళెం కోడలు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. బోర్లా పడితే బొబ్బట్లు ఎప్పుడో అయిపోయాయి, మొన్న గడప కూడా దాటేసింది, ఈ ఆదివారం గారెలు. ఇప్పుడు ఇల్లంతా పారాడుతోంది. గొడవ కూడా అప్పుడే మొదలైంది.

మా అత్తమ్మ వంట చేసుకుంటూ పాపను వంటింట్లో కింద కూర్చోబెడతారు. ముందర స్టీలు గిన్నెలు, గరిటె, జల్లెడ, వాళ్ళమ్మ నాటి ఇత్తడి సోల (బియ్యం కొలిచే పాత్ర) పెడతారు. పాప అరగంటైనా అక్కడి నుంచి కదలదు. మా ఆయన కొనుక్కొచ్చిన లైట్లు వెలిగే పాటల బొమ్మను మాత్రం రెండుసార్లు నొక్కి పక్కన పారేస్తుంది. ఆయనకు ఇది నచ్చడం లేదు. ‘అన్నీ నోట్లో పెట్టుకుంటుంది, ముఖానికి కొట్టుకుంటుంది, చుట్టూ కంచె ఉండే ప్లే యార్డ్ కొందాం, అందులో బొమ్మలతోనే ఆడించండి’ అంటారు. అత్తమ్మేమో ‘బిడ్డను కోళ్ళగంప కింద మూసినట్టు మూస్తారా’ అని అలుగుతారు. మధ్యలో నాకు టెన్షన్. పిల్లల్ని పెంచినవాళ్ళు మీ అభిప్రాయం చెప్పండి.

బుచ్చి జేజి (బుచ్చిరెడ్డిపాళెం)

మీ అత్తమ్మ చేసేదే సరైన పని తల్లీ. మా ఇంట్లో పిల్లలందరూ సోల, తవ్వ, మానిక ముందేసుకుని ఆడినవాళ్ళే. ఒకదాంట్లో ఒకటి దూర్చడం, తియ్యడం, బోర్లించడం, మళ్ళీ మొదలు. స్టీలు గ్లాసు చల్లగా ఉంటుంది, చెక్క గరిటె తేలిగ్గా ఉంటుంది, చేట గరుగ్గా ఉంటుంది. ప్లాస్టిక్ బొమ్మల్లో ఏది పట్టుకున్నా ఒకటే తీరు. పైగా బిడ్డకు కావాల్సింది మన చేతిలో ఉన్న వస్తువు. మనం గరిటె పట్టుకుంటే దానికీ గరిటే కావాలి.

ఒంగోలు నాన్న

పెద్దమ్మ గారి మాట మీద గౌరవం ఉంది. కానీ ‘మా పిల్లలంతా అలాగే పెరిగారు’ అంటే నేను ఒప్పుకోలేను. పెరిగినవాళ్ళ గురించే చెప్పుకుంటాం. పోయిన పిల్లల గురించి ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడరు.

మా పక్క పోర్షన్‌లో ఏడాది నిండని బాబు. ఇంట్లో అందరూ కింద కూర్చుని శనక్కాయలు వలుస్తున్నారు. వాడు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు, పొలమారింది, కాసేపటికి సర్దుకున్నాడు. తర్వాత దగ్గు తగ్గకపోతే జలుబు అనుకుని సిరప్ పోశారు. ఎక్స్‌రేలో గింజ కనపడలేదు. చివరికి చెన్నై తీసుకెళితే బ్రాంకోస్కోపీ చేసి ఊపిరి గొట్టంలోంచి గింజ తీశారు. ఆ తల్లి మొహం నేను చూశాను.

అందుకే నా మాట ఒకటే. ఏడాది నిండేదాకా ప్లే యార్డ్, అందులో ఐఎస్ఐ మార్కు ఉన్న బొమ్మలు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఆ మార్కు తప్పనిసరి చేశారు. విరిగితే ఏమవుతుంది, అంచు కోసుకుంటుందా, రంగులో సీసం ఉందా అని చూసిగానీ ఆ మార్కు ఇవ్వరు. మీ గరిటెకు, జల్లెడకు ఆ పరీక్ష ఎవరు చేశారు?

పిల్లల వార్డు సిస్టర్ (నెల్లూరు)

ఒంగోలు అన్నా, మీరు చెప్పినది అక్షరాలా నిజం. శనక్కాయ గింజ ఎక్స్‌రేలో కనపడదు, అందులోని నూనెకు ఊపిరి గొట్టం లోపల వాస్తుంది. పొలమారిన తర్వాత బిడ్డ మామూలుగా ఉన్నా, దగ్గు వదలకపోతే ‘గింజ మింగాడేమో’ అని డాక్టరుకు తప్పక చెప్పాలి. కానీ ఒక్క సంగతి చూడండి. ఆ గింజను ఆడుకోమని ఎవరూ ఇవ్వలేదు, అది బాబుకు దొరికింది. నేను ఇన్నేళ్ళుగా వార్డులో చూస్తున్నది ఇదే. మనం చూసి ఇచ్చిన వస్తువుతో బిడ్డ ఆసుపత్రికి రావడం చాలా అరుదు. దొరికిన వస్తువుతోనే వస్తారు.

ఏమేం దొరుకుతాయో చెప్తాను. దేవుడి గూట్లో కర్పూరం బిళ్ళ. తెల్లగా పటికబెల్లంలా ఉంటుంది, మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. బీరువా అడుగున కలరా ఉండలు. నీళ్ళ బాటిల్‌లో పోసిపెట్టిన కిరోసిన్, పెయింట్ థిన్నర్. వీటికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా ప్రమాదం, కాబట్టి చేయించకండి. చింతగింజలు, చొక్కా గుండీలు, జేజి మాత్రల డబ్బా. అన్నిటికంటే నాకు భయం బటన్ సెల్, అంటే చొక్కా గుండీలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ. రిమోట్లు, చేతి గడియారాలతో పాటు లైట్లు వెలిగే పాటల బొమ్మల్లో ఉండేది చాలాసార్లు అదే. అది ఆహారనాళంలో ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు పారి క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే లోపల గట్టిగా కాలిపోతుంది. మింగిందని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా, పాలు పట్టకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. వేదాయపాళెం చెల్లెమ్మా, మీ ఆయన తెచ్చిన బొమ్మకు బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో ఈ రోజే చూడండి.

ఇక గరిటెకు పరీక్ష ఎవరు చేస్తారంటే, మనమే చెయ్యొచ్చు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు చేసే పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా దిగిపోయేది ఏదైనా గొంతుకు అడ్డం పడే వస్తువే. పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు, గొట్టం అంతకంటే కొంచెమే పెద్దది. స్టీలు గ్లాసు అందులో పట్టదు, గరిటె పట్టదు. ఆ తర్వాత అంచు మీద వేలు నడిపి చూడండి. జల్లెడ చుట్టూ తీగ లేచి ఉందా, చెక్కకు పేడు లేచిందా, గిన్నె పిడికి మర వదులైందా, అంతే. ఒక్క ఇత్తడి సోల మాత్రం తీసెయ్యండి. పాత ఇత్తడికి పూసే కళాయిలో సీసం కలిసి ఉండొచ్చు, బిడ్డ దాన్ని నాకుతూనే ఉంటుంది.

నోట్లో పెట్టుకోవడం తప్పేమీ కాదు. ఈ వయసులో వేళ్ళ కంటే పెదాలు, నాలుక బాగా పనిచేస్తాయి. పాప గ్లాసు పట్టుకున్నప్పుడు పక్కన కూర్చుని ఊరికే చూడండి. ముందు అంచును పెదాలతో తడుముతుంది. ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటుంది. లోపలికి తొంగి చూస్తుంది, లోపల చెయ్యి పెడుతుంది. నేలకేసి కొట్టి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి మన మొహం చూస్తుంది. మనం నవ్వితే మళ్ళీ కొడుతుంది, మొహం చిట్లిస్తే ఆగుతుంది. అడుగు భాగం తిప్పి చూసి, అటునుంచి చెయ్యి ఎందుకు పోవడం లేదా అని గోకుతుంది. గ్లాసుతో ఆమె చేసే చదువు అది. దాన్ని మధ్యలో లాక్కోకండి.

ఒంగోలు నాన్న

సిస్టర్, బటన్ సెల్ సంగతి చెప్పి మంచి పని చేశారు. కానీ దొరికిన వస్తువే ప్రమాదం అంటే నా వాదనే గెలిచినట్టు కదా. నేల మీద వదిలితేనే కదా దొరికేది! మీరు పక్కన కూర్చుని చూడండి అంటున్నారు. ఎవరు కూర్చుంటారు? మేమిద్దరం ఉద్యోగులం, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. ఏడింటికి కుక్కరు పెట్టాలి, ఎనిమిదిన్నరకు బస్సు అందుకోవాలి. అత్తమ్మలు ఉన్న ఇళ్ళకు సరిపోయే సలహా అందరికీ సరిపోదు.

కావలి టీచర్

అన్న అడిగినది న్యాయమే, దాన్ని తోసెయ్యకూడదు. పొయ్యి మీద నూనె కాగుతున్నప్పుడు, స్నానానికి వెళ్ళినప్పుడు కంచె ఉండాల్సిందే. వేదాయపాళెంలో కూడా పాపను పొయ్యి ఉన్న గదిలో కింద కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. అవే గిన్నెలు హాల్లో పెట్టండి. కానీ మెలకువగా ఉన్నంతసేపూ కంచెలోనే అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంగ్లాండులో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆమె పసిపిల్లల కోసం ట్రెజర్ బాస్కెట్ అనే పద్ధతి పెట్టారు. కూర్చోగలిగి ఇంకా నడవని పిల్లల ముందు ఒక పొట్టి బుట్ట పెడతారు. అందులో చెక్క గరిటెలు, లోహపు మూతలు, బ్రష్షులు, గుడ్డలు, ఇలా ఇంట్లో ఉండేవే ఉంటాయి, ప్లాస్టిక్ ఉండదు. పెద్దవాళ్ళు పక్కనే కూర్చుంటారు, కానీ ‘ఇలా ఆడు’ అని చెప్పరు. బుచ్చి జేజి గారి ఇంట్లో సోల, తవ్వలతో జరిగింది కూడా ఇంచుమించు అదే. పని చేసుకునేవాళ్ళు రోజంతా కూర్చోనక్కర్లేదు. సాయంత్రం ఫోను పక్కన పెట్టి కాసేపు కూర్చున్నా చాలు.

ఇంకో సంగతి. పారాడే పిల్లలు మంచం అంచు దగ్గర ఆగడం నేర్చుకుంటారు, అమ్మయ్య అనుకుంటాం. కేరెన్ అడాల్ఫ్ అనే పరిశోధకురాలు చూసింది ఏమిటంటే, పారాడేటప్పుడు నేర్చుకున్న ఆ జాగ్రత్త నడక మొదలవగానే పనికిరాదు. నిన్న అంచు దగ్గర ఆగిన బిడ్డే ఇవాళ నిలబడి నేరుగా అంచు దాటేస్తుంది. మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. అరుగులు, మెట్లు ఉన్న ఇళ్ళవాళ్ళు అడుగులకు అరిసెలు పంచే రోజు నుంచి రెండింతలు జాగ్రత్తగా ఉండండి.

సింగరాయకొండ పిన్ని

మరి వాకర్ కొనొచ్చా? మా అమ్మాయికి పుట్టింటివాళ్ళం కొనివ్వాలని అందరూ అంటున్నారు.

పిల్లల వార్డు సిస్టర్

కొనొద్దు పిన్నీ. చక్రాల వాకర్లో కూర్చున్న బిడ్డ మనం లేచి పట్టుకునేలోపే మెట్ల దగ్గరికో, టీ కప్పు దగ్గరికో వెళ్ళిపోతుంది. కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. నడక కూడా దానివల్ల త్వరగా రాదు. మన పాత మూడు చక్రాల చెక్క నడకబండి వేరు. బిడ్డ తనంతట తను నిలబడి తోసుకోవాలి. అది కూడా నిలబడటం వచ్చాకే, సమంగా ఉన్న నేల మీద, మీరు పక్కన ఉన్నప్పుడే.

టంగుటూరు రైతుబిడ్డ

మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. పొగాకు సీజన్లో ఆకు కొట్టి, బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) దగ్గర పని చేసి వచ్చినవాళ్ళు అదే చేతులతో పిల్లల్ని ఎత్తుకుంటారు. పచ్చాకు జిగురులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఎక్కుతుంది. పెద్దవాళ్ళకే తల తిరిగి వాంతులవుతాయి. ఆ చేతి వేళ్ళు, చీర కొంగు పట్టి చప్పరించే బిడ్డ సంగతి ఆలోచించండి. సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే ఎత్తుకోండి. ఆకు కట్టలు వరండాలో వేసిన రోజుల్లో బిడ్డను అటు వదలొద్దు. బీడీ ముక్కలు, గుట్కా పొట్లాలు కూడా అంతే.

బుచ్చి జేజి

అన్నప్రాసన రోజున పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి వరసగా పెట్టి, బిడ్డ ఏది పడుతుందో అని ముచ్చట చూస్తాం కదా. మా మనవడికి చేసినప్పుడు కోడలు కత్తి పెట్టనివ్వలేదు. నాకు మనసులో వెలితిగానే ఉంది. అంతమంది చుట్టూ ఉండగా ఏమవుతుంది సిస్టరమ్మా?

పిల్లల వార్డు సిస్టర్

జేజీ, అంతమంది ఉండటమే ఇబ్బంది. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళు చూస్తున్నారులే అనుకుంటారు, చేతుల్లో ఫోన్లు ఉంటాయి. బిడ్డ పట్టుకున్నది నోటికి తీసుకెళ్ళడానికి ఒక్క క్షణం చాలు. చెక్కతో చేసిన చిన్న కత్తి పెట్టండి, ముచ్చటా తీరుతుంది. చిల్లర డబ్బులు, ఉంగరాలు మాత్రం అస్సలు పెట్టకండి. నిజం చెప్పాలంటే నాకు కత్తి కంటే వాటితోనే ఎక్కువ భయం.

అందరూ ఒక్కటి నేర్చుకోండి. ఏడాదిలోపు బిడ్డ గొంతుకు ఏదైనా అడ్డుపడి ఏడుపు, దగ్గు కూడా రాకపోతే, తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడను చేత్తో ఆనించి, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు వెయ్యాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి చెయ్యాలి, ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. బిడ్డ స్పృహ తప్పితే ఆ దెబ్బలు ఆపి వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి. కంటికి కనపడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇంత చిన్నపిల్లలకు పొట్ట నొక్కడం కూడా చెయ్యకూడదు. చదివితే రాదు, మీ దగ్గరలోని ఏఎన్ఎంను అడిగి బొమ్మ మీద చేసి చూడండి.

వేదాయపాళెం కోడలు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా రాత్రి మా ఆయనకు చదివి వినిపించాను. పాటల బొమ్మ బ్యాటరీ మూతకు స్క్రూ లేదు, ఉత్తి నొక్కుడు మూత. ఆయనే తీసి అటక మీద పెట్టారు. సోల ఇవ్వొద్దంటే అత్తమ్మ కొంచెం చిన్నబుచ్చుకున్నారు, కానీ తీసేశారు. ప్లే యార్డ్ కొనాలనే ఆయన ఇంకా అంటున్నారు. సరే, వంట వేళకు వాడదాం అన్నాను. ఉదయగిరి చెక్క గరిటెలు పాపకు ఇవ్వొచ్చా? అక్కడ మా బంధువులు ఉన్నారు, తెప్పిస్తాను.

బుచ్చి జేజి

నిక్షేపంగా ఇవ్వొచ్చు తల్లీ. రంగు, పాలిష్ వెయ్యనివి అడిగి తెప్పించు. ఫోర్కులు వద్దు, గుండ్రటి గరిటెలే. వేడినీళ్ళలో కడిగి బాగా ఆరబెట్టి ఇవ్వు. పొడుగు కాడ ఉన్నది ఇస్తే కంట్లో పొడుచుకుంటుంది, పొట్టిదే చూడు.

ఒంగోలు నాన్న

ఏడాదిలోపు స్టీలు సామాను ఇవ్వడానికి నాకింకా మనసు ఒప్పుకోవడం లేదు, ఇవ్వను. కానీ సిస్టర్ చెప్పిన గొట్టం కొలత రాసుకున్నాను. ఒక సందేహం. మేము కుళాయి నీళ్ళు రాని రోజులకని బాత్రూంలో బకెట్లు, టబ్బు నింపి పెడతాం. పిల్లాడు ఇప్పుడే పట్టుకుని లేస్తున్నాడు. మూతలు పెడితే సరిపోతుందా?

పిల్లల వార్డు సిస్టర్

సరిపోదన్నా. ఊరికే పెట్టిన మూత చెయ్యి వెయ్యగానే జారిపోతుంది. ఈ వయసులో తల బరువెక్కువ, ముందుకు వంగితే తిరిగి లేవలేరు. జానెడు లోతు కూడా అక్కర్లేదు, ముక్కు, నోరు మునిగితే చాలు. చప్పుడు కూడా రాదు. బాత్రూం తలుపుకు బయటివైపు పైన గడియ పెట్టించండి, పిల్లాడికి అందనంత ఎత్తులో.