కార్లోఫోర్తెలో వేసవి సెలవులు: ఊరికి మేలా, భారమా?

మ్యూనిక్_తెలుగు:
ఇటలీలోని సార్డీనియాకు నైరుతి దిక్కున ఉన్న శాన్ పియెత్రో దీవిలో కార్లోఫోర్తె అనే చేపల రేవు ఉంది. జెనోవా దగ్గరి పెలి నుంచి పగడాల వేట కోసం ట్యునీసియా తీరంలోని తబార్కాకు వెళ్లి, దాదాపు రెండు శతాబ్దాలు అక్కడ బతికిన కుటుంబాలు అప్పట్లో సార్డీనియాను ఏలిన సవోయ్ వంశపు రాజు అనుమతితో 1738లో ఇక్కడ స్థిరపడ్డాయి. వారి వారసులు ఇప్పటికీ తబార్కీనో అనే లిగూరియా (జెనోవా ప్రాంతపు) మాటనే ఇళ్లలో మాట్లాడుకొంటారు. ఆగస్టులో పిల్లలతో అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోవాలనుకొంటున్నాము. పెద్ద హోటళ్ల రేవులకు పోయే డబ్బు ఇలాంటి ఊరికి చేరడమే న్యాయమని నా అభిప్రాయం.

పాతపటం:
ఈ ఊరిది మిశ్రమ సంస్కృతి అని కొందరంటారు, అది నాకు సమ్మతం కాదు. వారు తబార్కాలో ఉన్నా జెనోవా వారే, దీవికి వచ్చినా జెనోవా వారే.

వంటిల్లు:
వారి కస్కా మాట మరిచిపోయారా? అది ఉత్తర ఆఫ్రికా వారి గోధుమరవ్వ వంటకం కుస్కుసే కదా, కూరగాయలతో వండుతారు.

పాతపటం:
ఒక వంటకం నేర్చుకొన్నంత మాత్రాన జాతి కలిసిపోదు. పైగా 1798లో ట్యునీసియా ఓడలు దాడి చేసి ఊరివాళ్లను సుమారు తొమ్మిది వందల మందిని బానిసలుగా తీసుకుపోయాయి; వారు తిరిగి రావడానికి అయిదేళ్లు పట్టింది. అటువంటి చరిత్రను కుస్కుసు పళ్లెంతో తేల్చేయవద్దని మనవి.

భీమిలి_తీరం:
కస్కా సంగతి పక్కన పెట్టండి. మ్యూనిక్ గారూ, వేసవి అద్దె ఎక్కువ వస్తుందంటే ఇంటి యజమాని ఏడాది పొడవునా ఉండే కుటుంబానికి ఎందుకు ఇస్తాడు? ఊరి యువజంట ఎక్కడ కాపురం పెట్టాలి? పిల్లలు అక్కడ పుట్టి పెరగకపోతే మీరు మెచ్చుకొనే తబార్కీనోను రేపు ఎవరు మాట్లాడతారు?

మ్యూనిక్_తెలుగు:
ఆ భాషను 1999 నాటి ఇటలీ జాతీయ చట్టమే అల్పసంఖ్యాక భాషల జాబితాలో చేర్చలేదు. రోమ్ పట్టించుకోనప్పుడు యాత్రికుణ్ణి నిందించడం తగదు. ఆ ఊరి ట్యూనా చేపల వేట మే, జూన్ నెలలదే, దానికీ కోటా ఉంది. మిగిలిన నెలల్లో ఊరు దేనిమీద బతకాలి? ఇక ఇంటి యజమానులంటే నాకు జాలి లేదు. నిరుడు మరో దీవిలో ఒక యజమాని చివరి వారంలో బుకింగు రద్దు చేసి, అడ్వాన్సు మొత్తం ఉంచేసుకొన్నాడు.

వంటిల్లు:
అడ్వాన్సు విషయంలో నాకూ అదే జరిగింది.

భీమిలి_తీరం:
మీ అడ్వాన్సుకూ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. ఇంట్లో కూర్చొని తీరం గురించి తీర్పులు చెప్పేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

మ్యూనిక్_తెలుగు:
నేను తీర్పులు చెప్పడం లేదు, ఖర్చు పెడతానంటున్నాను. యాత్రికులను కసురుకోవడానికి మీకేం అధికారం ఉంది?

భీమిలి_తీరం:
అధికారం ఉంది, ఎందుకంటే మాది వేట కుటుంబం. మా పేట పక్కన రిసార్టు వెలిసిన తర్వాత వలలు ఆరబెట్టుకొనే ఇసుక మాకు దక్కలేదు. తెప్ప లాగబోతే కాపలావాడు అడ్డు వచ్చాడు. అక్కడికి వచ్చిన అతిథులంతా మర్యాదస్థులే, మా చేపలు మెచ్చుకొన్నవారే. అయినా మా నాన్నగారు వేట మానేశారు.

మ్యూనిక్_తెలుగు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది. నా భయం వేరు. మా తాతగారి ఊరికి ఏ యాత్రికుడూ రాలేదు, పని లేక అందరూ వెళ్లిపోయారు, చివరికి బడి కూడా మూతపడింది. మీరు జనం వచ్చి పడడాన్ని చూశారు, నేను జనం వెళ్లిపోవడాన్ని చూశాను. ఊరు ఖాళీ అయితే తీరం ఎవరిదైనా ఒకటే.

భీమిలి_తీరం:
ఒకటే కాదు. తీరం చేతిలో ఉంటే వెళ్లినవాడు తిరిగి రాగలడు. మీరు తప్పక వెళ్లదలిస్తే ఆగస్టు మానేసి నవంబరు 15న, బానిసత్వం నాటి మేరీమాత పండుగకు వెళ్లండి. యజమాని ఉంటున్న ఇంట్లో గది తీసుకోండి.

మ్యూనిక్_తెలుగు:
నవంబరులో పిల్లలకు బడి ఉంటుంది. మే నెలలో సెలవులు దొరికితే వెళ్తాము, గది విషయం ఒప్పుకొంటాను. యాత్రికుడు రాకపోవడమే మేలన్న మాటను మాత్రం ఒప్పుకోను.

పాతపటం:
కస్కా గురించి నేనన్న మాటకు ఎవరూ సమాధానం ఇవ్వలేదు.