స్లాబ్ పోసుడు దగ్గరికొచ్చింది, ఏడు రోజుల క్యూబులేమో 14 కాడ్నే ఆగినయ్. ఏం జేయాలె?

హసన్‌పర్తి ఇల్లు:
అందరికీ నమస్తే. హసన్‌పర్తి దగ్గర అమ్మ పేరున ఉన్న 150 గజాలల్ల ఇల్లు కడుతున్న. డ్రాయింగుల ఎం25 అని ఉంది, అంటే 28 రోజులకు కాంక్రీటు బలం చదరపు మి.మీ.కు 25 న్యూటన్లు రావాలె. పిల్లర్లు పోసిన నాడే ఆరు క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు) నింపి హన్మకొండల ల్యాబుకు ఇచ్చిన. ఏడో రోజు మూడు పరీక్షిస్తే 13.8, 14.2, 13.1 వచ్చినయ్, మిగిలిన మూడు 28వ రోజుకు ఉన్నయ్. రిపోర్టు చూసినప్పటి సంది నిద్ర పడ్తలేదు.

పీపీసీ సిమెంటు, రోబో సాండు (రాయి నూరి చేసిన ఇసుక), 20 ఎంఎం కంకర, మిల్లర్ల కలిపిండ్రు. బస్తాకు రెండు బకెట్ల నీళ్లు అనుకున్నం. సలాకలు దగ్గర దగ్గర ఉన్నయ్, మాల్ దిగుతలేదని సుతారి ఇంకో అర బకెట్ పోయించిండు. బకెట్ 15 లీటర్లది. నేను అక్కడ్నే నిలబడి ఉన్న, వద్దనలే. అంతకు ముందు రాత్రి వాన కూడా పడ్డది. ఇప్పుడు సుతారి ఏమంటడంటే, స్లాబుల సిమెంటు ఎక్కువ ఏద్దాం, అంతే అంటున్నడు. నిజంగ అంతేనా?

కరీంనగర్ సైట్ ఇంజినీర్:
అన్నా, సిమెంటు సంగతి పక్కన పెట్టు, ముందు నీళ్ల లెక్క చూద్దాం. రెండున్నర బకెట్లంటే 37 లీటర్ల పైనే. బస్తాకు 100 కిలోల సాండు పడ్డదనుకుందాం, వాన తడి 5 శాతం అంటే 5 లీటర్లు. సాండు తన లోపలికి పీల్చుకునేది తీసేసినా ఇంకో మూడు లీటర్లు మాల్‌లోకి వచ్చినట్టే. మొత్తం 40 లీటర్లు, బస్తా 50 కిలోలు: నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.8. కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456లో ఎం25కు ఉన్న హద్దు 0.50, అంటే బస్తాకు 25 లీటర్లు. మీ రిపోర్టు తక్కువ రావడానికి వేరే కారణం వెతకాల్సిన పని లేదు.

సిమెంటు గట్టిపడేటప్పుడు రసాయనికంగా పట్టుకునే నీళ్లు దాని బరువులో సుమారు నాలుగో వంతే. మిగతా నీళ్లలో చాలా వరకు ఆరిపోయి సన్న రంధ్రాలు మిగుల్తాయి. బస్తాలు పెంచి నీళ్లు కూడా అట్లనే పోస్తే ఆ రంధ్రాలు పోవు. పైగా వేడి పెరుగుతది, స్లాబ్ మీద పర్రెలు వస్తయ్.

మాల్ దిగాలంటే సూపర్ ప్లాస్టిసైజర్ అనే అడ్మిక్చర్ (మాల్‌లో కలిపే రసాయనం) వాడండి. సిమెంటు రేణువులు ఉండలు కట్టకుండా విడదీస్తది, అందుకే 20 శాతం నీళ్లు తగ్గించినా మాల్ జారుతది. బస్తాకు 300 మి.లీ. దగ్గర మొదలుపెట్టి ట్రయల్ చేయండి. డబ్బా మీద రాసిన మోతాదు దాటొద్దు, ఎక్కువైతే కంకర విడిపోతది, గట్టిపడుడు ఆలస్యమైతది. పొడి సిమెంటు మీద పోయొద్దు. ముప్పావు వంతు నీళ్లు తిరిగినంక, మిగిలిన నీళ్లల్ల కలిపి పోయాలె.

పరకాల సుతారి:
తమ్మీ, ఇరవై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. తడి సాండు పొంగుతది, కొలిచే ఫర్మా డబ్బా నిండినట్టే కనవడ్తది గని లోపల సాండు తక్కువుంటది. వాన పడ్డ తెల్లారి నేనైతే పిడికెడు సాండు గట్టిగ పిసికి చూస్త. ముద్దగట్టి అరచెయ్యి తడైతే బకెట్ నీళ్లల్ల చెంబు తగ్గిస్త. రోబో సాండుల పొడి ఎక్కువుంటే మాల్ జిగటైతది, అందుకే మావోళ్ల చెయ్యి నీళ్ల మీదికి పోతది. నీళ్లు తగ్గించమంటే మావోళ్లు గులుగుతరు, నువ్వు మెత్తబడకు. నీడిల్ వైబ్రేటర్ నిలువుగ దించి, బుడగలు ఆగంగనే మెల్లగ తియ్యమను. మాల్‌ను దానితోని పక్కకు గుంజొద్దు.

ల్యాబ్ అమ్మాయి, కాజీపేట:
సర్, ఒక్క మాట అడగాలి. క్యూబులు నింపినప్పుడు మూడు పొరలుగా వేసి, పొరకు 35 పోట్లు పొడిచారా? తెల్లారి విప్పి వెంటనే నీళ్లలో పెట్టారా, ఎండలో ఉంచారా? ఎండలో ఉంటే నంబర్ అక్కడే పడిపోతుంది. పీపీసీలో ఫ్లైయాష్ ఉంటుంది కాబట్టి బలం నెమ్మదిగా వస్తుంది, తీర్పు 28వ రోజుదే. అయినా 25 రావాల్సిన మాల్ ఏడో రోజుకు 16 దాటాలి, అందుకే మీ భయం సరైనదే. 28వ రోజు కూడా తక్కువొస్తే పిల్లర్ల నుంచి కోర్లు (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీయించి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి. మూడు కోర్ల బలం సగటు ఎం25కు ఉండాల్సిన దాంట్లో 85 శాతం ఉండి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే ఐఎస్ 456 ఒప్పుకుంటుంది.

హసన్‌పర్తి ఇల్లు:
పన్నెండు రోజులకు మళ్లీ రాస్తున్న. చెల్లె అడిగినట్టు, క్యూబులు తెల్లారే నీళ్ల డ్రమ్ముల ఏసిన, 35 పోట్లు కూడా పొడిచినం. అంటే తప్పు మాల్‌దే. అన్న చెప్పినట్టు సాండు తడి లెక్క కట్టి, మొత్తం 23 లీటర్లు, 300 మి.లీ. అడ్మిక్చర్‌తోని ట్రయల్ క్యూబులు పోసినం. మొదట్ల మట్టి లెక్క ముద్దగ ఉంది, మిల్లర్ ఇంకో రెండు నిమిషాలు తిరిగినంక కంకర మీద మెరుపొచ్చి జారింది. సుతారి పారతోని తిప్పి చూసి, "గిట్ల దిగితే నీళ్లెందుకు" అన్నడు. ఏడో రోజు 21.4, 22.0, 20.7.

పిల్లర్ల 28వ రోజు రిపోర్టు వచ్చేదాక స్లాబ్ ఆపిన. అందాక వాటికి గోనెసంచులు చుట్టి పొద్దుగాల, మాపు తడుపుతున్న. కోర్లు తియ్యాల్సొస్తే సలాకలు కోసుకపోకుండ ముందుగాల ఎట్ల గుర్తు పెట్టాలె, అది కూడా చెప్పుండ్రి.