విటమిన్ డి పెరిగితే కొవ్వులోని ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) తగ్గుతుందా?

మా అమ్మకు 58 ఏళ్లు, బరువు 92 కిలోలు. రక్తపరీక్షలో విటమిన్ డి 11 ng/mL వచ్చింది, 20 లోపు ఉంటే లోపమే అంటారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ కూడా ఎక్కువే. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల మాత్రలు 8 వారాలు వేసుకున్నా 16 దాటలేదు.

ఈ విటమిన్ కొవ్వులో కరిగేది కాబట్టి లావుగా ఉన్నవాళ్లకు అక్కడే నిలిచిపోతుందని, మోతాదు రెండు మూడు రెట్లు కావచ్చని చదివాను. కొవ్వులో చేరిన మాక్రోఫేజ్‌లు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు పెంచే ప్రోటీన్లను వదలడంతో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందట. నాకు తేలనిది ఒకటే: డి లోపం వల్ల సీఆర్‌పీ పెరిగిందా, లేక బరువు వల్లే రెండూనా?

మోకాళ్ల నొప్పులతో అమ్మ మెట్లెక్కలేకపోతోంది, చూస్తుంటే చాలా బాధగా ఉంది. డాక్టరును అడగకుండా మోతాదు మాత్రం పెంచను, రక్తంలో కాల్షియం పెరిగితే కిడ్నీలకు ప్రమాదం. బరువు తగ్గాక డి, సీఆర్‌పీ రెండూ మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవాలా? దయచేసి చెప్పండి.