ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో కీ కన్‌స్ట్రెయింట్‌లకు మనం కోరిన పేర్లు పెట్టడం ఎలా?

ప్రశ్న:
మా ప్రాజెక్టులో మోడళ్లను (టేబుళ్లను వర్ణించే క్లాసులను) ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే పైథాన్ లైబ్రరీతో రాసి, స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులను దానితో పనిచేసే అలెంబిక్ అనే సాధనం ద్వారా అమలు చేస్తున్నాము. ఫారిన్ కీలకు (వేరొక టేబుల్‌ను సూచించే నియమాలకు) గానీ యునీక్ కన్‌స్ట్రెయింట్‌లకు (విలువ పునరావృతం కాకూడదనే నియమాలకు) గానీ ఎక్కడా పేరు ఇవ్వకపోవడం వల్ల, ఒకే ఫారిన్ కీకి పోస్ట్‌గ్రెస్ ‘ఆర్డర్స్_కస్టమర్_ఐడీ_ఎఫ్‌కీ’ అనీ, మైఎస్‌క్యూఎల్ ‘ఆర్డర్స్_ఐబీఎఫ్‌కే_1’ అనీ పేర్లు పెట్టుకున్నాయి. ఇప్పుడు ఆ ఫారిన్ కీని తొలగించే మైగ్రేషన్ (స్కీమాను మార్చే స్క్రిప్ట్) ఒక డేటాబేస్‌లో నడిచి, రెండవదానిలో ఆగిపోతోంది. ప్రతి కాలమ్ దగ్గరా విడివిడిగా పేరు రాయడం తప్ప వేరే మార్గం ఉంటే దయచేసి తెలియజేయండి.

మొదటి సమాధానం:
విడివిడిగా రాయనవసరం లేదు. టేబుళ్ల నిర్వచనాలన్నిటినీ ఉంచుకునే మెటాడేటా వస్తువును సృష్టించేటప్పుడే ‘నేమింగ్_కన్వెన్షన్’ అనే డిక్షనరీని ఇస్తే, పేరు లేని ప్రతి కన్‌స్ట్రెయింట్‌కూ ఆ నమూనా ప్రకారమే పేరు తయారవుతుంది. అందులో ఐఎక్స్ (ఇండెక్సు), యూక్యూ (యునీక్), సీకే (విలువ షరతును తనిఖీ చేసే చెక్), ఎఫ్‌కే (ఫారిన్ కీ), పీకే (ప్రైమరీ కీ) అని ఐదు రకాలకు నమూనాలు ఇవ్వవచ్చు. ఏమీ ఇవ్వకపోతే ఇండెక్సులకు మాత్రమే నమూనా ఉంటుంది. మీ ఇండెక్సుల పేర్లు రెండు చోట్లా ఒకేలా ఉండి, మిగిలినవి వేరుగా ఉండటానికి కారణం ఇదే.

ఫారిన్ కీకి ‘ఎఫ్‌కే’ అనే ముందుమాట, ఆపై టేబుల్ పేరు, కాలమ్ పేరు, చివర అది సూచించే టేబుల్ పేరు వచ్చేలా నమూనా రాసుకోవడం మేలు. బేస్ క్లాసుకు ఈ మెటాడేటాను మోడళ్ల నిర్వచనానికి ముందే అప్పగించాలి. ఇంకొక లాభం కూడా ఉంది: యునీక్ కన్‌స్ట్రెయింట్ ఉల్లంఘన జరిగినప్పుడు పోస్ట్‌గ్రెస్ పంపే లోప వివరాలలో కన్‌స్ట్రెయింట్ పేరు ఉంటుంది కాబట్టి, ఆ పేరును బట్టి ‘ఈ ఈమెయిల్ ఇప్పటికే నమోదై ఉంది’ వంటి స్పష్టమైన సందేశాన్ని వాడుకరికి చూపవచ్చు.

రెండవ సమాధానం:
పై సలహాకు కొన్ని జాగ్రత్తలు చేర్చాలి. నమూనాలో కాలమ్ పేరు కోసం రాసే ‘కాలమ్_0_నేమ్’ అనే టోకెన్ మొదటి కాలమ్‌ను మాత్రమే తీసుకుంటుంది. కనుక ఒకే కాలమ్‌తో మొదలయ్యే రెండు మిశ్రమ (ఒకటికి మించిన కాలమ్‌లున్న) యునీక్ కన్‌స్ట్రెయింట్‌లు ఒకే టేబుల్‌లో ఉంటే వాటి పేర్లు ఢీకొంటాయి. 1.3 వెర్షన్ నుంచి ఉన్న ‘కాలమ్_0_ఎన్_నేమ్’ అన్ని కాలమ్‌లనూ అండర్‌స్కోర్‌తో కలుపుతుంది. అలా కలిపినప్పుడు పేరు పొడవవుతుంది గదా. పోస్ట్‌గ్రెస్ పరిమితి 63 బైట్లు, మైఎస్‌క్యూఎల్ పరిమితి 64 అక్షరాలు. నమూనా నుంచి పుట్టిన పేరు పరిమితి దాటితే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీయే దానిని కత్తిరించి, చివర చిన్న హ్యాష్ (పేరు నుంచి లెక్కించిన కొన్ని అక్షరాలు) తగిలిస్తుంది. మనం స్వయంగా రాసిన పేరైతే కత్తిరించకుండా ఎర్రర్ ఇస్తుంది.

మైగ్రేషన్ ఫైలులో ‘ఓపీ.ఎఫ్’ అనే ఫంక్షన్‌లో చుట్టిన పేర్లు కనిపిస్తాయి. ఆ పేరు ఇప్పటికే పూర్తయిందనీ, నమూనాను మళ్లీ వర్తింపజేయవద్దనీ దాని అర్థం. అనవసరమనుకుని దానిని తీసివేస్తే, చెక్ కన్‌స్ట్రెయింట్‌ల పేర్లలో ‘సీకే_ఆర్డర్స్_సీకే_ఆర్డర్స్’ అంటూ ముందుమాట రెండుసార్లు చేరే అవకాశం ఉంది.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పటికే డేటా ఉన్న టేబుళ్లలోని పాత పేర్లు కూడా వాటంతట అవే మారిపోతాయా?

రెండవ సమాధానకర్త:
మారవు. మోడళ్లను డేటాబేస్‌తో పోల్చి మైగ్రేషన్‌ను తానే రాసే అలెంబిక్ ఆటోజెనరేట్, పేరు మార్పును పేరు మార్పుగా గుర్తించదు. యునీక్ కన్‌స్ట్రెయింట్ విషయంలో పాతదాన్ని తొలగించి కొత్తది సృష్టించమని రాస్తుంది, పెద్ద టేబుల్‌పై అది భారమైన పని. అందుచేత ఒక మైగ్రేషన్‌ను చేతితోనే రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో ‘ఆల్టర్ టేబుల్’తో ‘రీనేమ్ కన్‌స్ట్రెయింట్’ వాడితే డేటాను తిరిగి తనిఖీ చేయకుండానే పేరు మారుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఆ సదుపాయం లేదు. అక్కడ ప్రైమరీ కీ పేరు ఎప్పుడూ ‘ప్రైమరీ’యే కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు. యునీక్ కన్‌స్ట్రెయింట్ అక్కడ ఇండెక్సు రూపంలోనే ఉంటుంది కనుక 5.7 నుంచి ‘రీనేమ్ ఇండెక్స్’తో సరిపోతుంది. ఫారిన్ కీని మాత్రం తొలగించి మళ్లీ చేర్చాలి. అందుకు వాడే అలెంబిక్ ఫంక్షన్ డ్రాప్_కన్‌స్ట్రెయింట్‌కు అది ఫారిన్ కీ అన్న రకాన్ని కూడా తెలపాలి. ఫారిన్ కీ తనిఖీలు అమలులో ఉండగా చేర్చితే టేబుల్ మొత్తం నకలు అవుతుంది కాబట్టి, ఆ మైగ్రేషన్‌ను రద్దీ తక్కువగా ఉన్న వేళకు పెట్టుకోండి.