జపాన్ కత్తి మీద "గిమెయ్": దొంగ సంతకమా, ఇంకేమన్నానా?

జపాన్ కత్తుల మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నా, రెండ్రోజులుగా ఒక్క మాట దగ్గరే ఆగిపోయిన. "మెయ్" అంటే పిడిలోకి దూరే ఇనుప తోక మీద కమ్మరి ఉలితో కొట్టుకున్న పేరు, "గిమెయ్" అంటే అది దొంగది అన్నట్టు. నకిలీ శాసనం అంటే ఎట్లుంటది?

— శాసనం వద్దండీ, రాజుగారూ దానాలూ రాతిపలకా గుర్తొస్తాయి. మనుస్మృతిలో "కూటశాసనం" ఉంది గానీ అది రాజాజ్ఞని ఫోర్జరీ చేయడం. ఇక్కడున్నది కమ్మరి పేరు, హాయిగా దొంగ సంతకం అనండి.

— "నకిలీ కత్తి" అని మాత్రం రాయకండి బాబూ. కత్తి పాతదే, మంచిదే అయ్యుండొచ్చు, పేరొక్కటే దొంగది. పేరు లేని కత్తికి (ముమెయ్ అంటారు) ధర పలకదని ఎవడో పెద్దాయన పేరు తగిలిస్తాడు. 17వ శతాబ్దంలో ఎడోలో (ఇప్పటి టోక్యో) కోతెత్సు అని ఓ కత్తుల కమ్మరి, మొదట్లో కవచాలు చేసేవాడు, ఆయన పేరు మీద ఎన్ని దొంగవొచ్చాయంటే "కోతెత్సు కనబడితే దొంగదే అనుకో" అని సామెతే పుట్టింది. మసమునె అని ఇంకో పేరుమోసిన కమ్మరి, ఆయనదైతే మరీ తమాషా, ఆయన సంతకం చేసిందే బహు అరుదు, పేరు స్పష్టంగా కనబడిందా, అక్కడే అనుమానం.

— మరి ఎట్ల పడతరన్నా?

— ముఖ్యంగా తుప్పు. తోక మీది తుప్పు ఎవరూ తోమరు, అదే కత్తి వయసు చెప్పేది. చుట్టూ నల్లగా ఉండి గీతలో మాత్రం ఎర్రగా ఉంటే మొన్న కొట్టిందే. ఉలి దెబ్బకి గీత అంచున ఇనుము కాస్త ఉబ్బుతుంది, వందలేళ్ళకి అది అరుగుతుంది. మా అమ్మమ్మ ఇత్తడి బిందె మీద పేరు వేలికి తెలీనే తెలీదు, నిరుడు మేం పేరు కొట్టించిన స్టీలు గిన్నె ఇప్పటికీ గోటికి తగులుతుంది, అదే లెక్క. ఇక చేతిరాత. కోతెత్సు తన పేరులో "పులి" అని అర్థమొచ్చే అక్షరాన్ని ముందు గీత తోకలా విసిరినట్టు కొట్టేవాడు, తర్వాత్తర్వాత పెట్టెలా చేశాడు. ఆఖరి రోజుల కత్తి మీద ఆ తోక విసిరిన పులి కనిపిస్తే దొరికిపోయినట్టే.

— సంతకం ఎందుకు, "చేవ్రాలు" అని చక్కటి మాట ఉండగా?

— బ్యాంకులో చేవ్రాలు చెయ్యండి అంటే ఎవరికి తెలుస్తుందండీ! పైగా అది చేత్తో రాసింది. జపాన్‌లో మెయ్ "రాయడం" అనరు, "కొయ్యడం" అంటారు.

— అట్లయితే ఉలివ్రాలు అందామా? 😀

— దొంగ ఉలివ్రాలు! బాగుంది గానీ కింద అర్థం రాయాల్సొస్తుంది.

— దొంగ సంతకమే పెడుతున్న. ఉలివ్రాలు నా దగ్గర దాచుకుంట.