వరద రాత్రి బాకీ ఓటుతో తీర్చాలా? సర్పంచ్ కోసం మళ్లీ తిరగనా, వద్దా?

పెన్న ఒడ్డు:
మాది కోవూరు పక్కన, పెన్న గట్టు మీద ఊరు. రిజర్వేషన్ మారకపోతే మా సర్పంచ్ మళ్లీ నిలబడతారట. నిన్న ఇంటికొచ్చి "అబ్బయా, ఈసారి కూడా నువ్వే ముందుండి తిరగాల" అన్నారు. నాకు నెల్లూరులో మెడికల్ షాపు ఉంది. ప్రచారమంటే పది రోజులు షట్టర్ దించాల్సిందే. అయినా తిరుగుదామనే ఉంది. కారణం 2021 నవంబరు వరద.

ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల గేట్లెత్తారు. పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మా వీధిలో నీళ్లు గడప దాటేసరికి రాత్రి రెండు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, లేవలేదు. ఆయన ట్రాక్టర్ తెచ్చి, నవారు మంచంతో సహా అమ్మను ట్రక్కులోకి ఎత్తించారు. ఆ తొందరలో మంచం కోడు ఒకటి విరిగింది, ఇప్పటికీ కింద ఇటుక పెట్టుకుని వాడుతున్నాం. మనవాళ్లా పరాయివాళ్లా అని చూడకుండా వీధంతా మోశారు. రోడ్డు మాత్రం గెలిచిన నాటి నుంచి అట్లాగే ఉంది, ఒప్పుకుంటాను. మీరేమంటారు?

బుచ్చి రైతు:
ట్రాక్టర్ తోలినందుకు దండం పెట్టు, పండక్కి అరిసెలు పంపు. ఓటు లెక్క వేరే. మీ ఊళ్లో గ్రామసభ ఎన్నిసార్లు జరిగింది? 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు 13,326 పంచాయతీల్లో పెట్టించారు, అది పక్కన పెట్టి చెప్పు. పంచాయతీల లెక్కలు పెట్టే ఇ-గ్రామ్ స్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ ఖర్చు ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఒక్కసారైనా చూశావా?

మాజీ వార్డు మెంబరు:
రోడ్డు గురించి తొందరపడి మాట అనకండి. కేంద్రం నుంచి పంచాయతీలకొచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాల్సి ఉండేది. మిగతా పనులన్నిటికీ 40 శాతమే. 2021లో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) మళ్లించారు, సర్పంచ్‌లు రోడ్డెక్కారు కూడా. నా కళ్ల ముందే ఒకాయన బ్లీచింగ్ పౌడర్ చేతి డబ్బుతో కొన్నాడు. అయినా పంచాయతీ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. మనిషిని చూసి వేసే ఓటు ఇదొక్కటే మిగిలింది మనకు.

బుచ్చి రైతు:
2021 సాకు ఎన్నాళ్లు పెద్దాయనా? ఆ తర్వాత విడతలు రాలేదా?

కోవూరు కోడలు:
ఒక చిన్న అనుమానం. అది మహిళా సీటు కదా? 2021 ఫిబ్రవరిలో గెలిచింది ఆవిడ. అన్నా, మీరు రాసిందంతా "ఆయన".

పెన్న ఒడ్డు:
అవునమ్మా, గెలిచింది అక్కే. అలవాటుగా రాశాను. ఊళ్లో అందరం వాళ్లాయన్నే సర్పంచ్ అంటాం.

కోవూరు కోడలు:
అదే నా బాధ. మా పుట్టింటి ఊళ్లో పంచాయతీ ఆఫీసు కుర్చీలో ఎప్పుడూ మొగుడే. రిజిస్టర్ మాత్రం సంతకానికి ఇంటికెళ్తుంది. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఏముందో చదవకుండానే పెట్టేస్తుంది. సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది ఇందుకా? సరే, వరదప్పుడు మీ అక్క ఏం చేసింది?

పెన్న ఒడ్డు:
నువ్వడిగాక గుర్తొస్తోంది. బడిలో మూడు రోజులు అన్నం వండించింది ఆవిడే. ఎవరికి షుగర్, ఎవరికి బీపీ, ఎవరి మాత్రలు నీళ్లలో పోయాయో పిల్లల నోట్‌బుక్‌లో రాసి నాకు ఫోన్ చేసింది. నా షాపు తాళం జేబులోనే ఉంది, కానీ హైవే తెగింది, నెల్లూరు పోలేను. నేను చేతులెత్తేస్తే, కోవూరుకు ఎవర్నో బైకు మీద పంపించి తెప్పించింది.

కోవూరు కోడలు:
మరి ఇది మొదట ఎందుకు రాయలేదన్నా?

బుచ్చి రైతు:
ఈ మాటకు నేనూ కాస్త మెత్తబడ్డాను. తిరగాలనుకుంటే తిరుగు. రాత్రిపూట డబ్బు కవర్లు పంచే పని మాత్రం నెత్తినేసుకోకు. పంచినవాడి మొహం ఊరు మర్చిపోదు.

పెన్న ఒడ్డు:
ఇప్పుడే వాళ్లింటికి వెళ్లొచ్చాను. కవర్లు ముట్టనని చెప్పాను. అక్క ముందు నడిస్తేనే వస్తాను, మైకు ఆవిడే పట్టాల అన్నాను. ఆయన "చూద్దాంలే" అని ఫోన్ తీసుకుని బయటికెళ్లారు. అక్క లోపల్నుంచి వచ్చి "ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది, తీసుకురానా?" అంది.

బుచ్చి రైతు:
మాత్రల పుస్తకం సరే. పంచాయతీ లెక్కల పుస్తకం కూడా తెమ్మను.