జేబుకత్తికి లాక్ ఉండాలా, అక్కర్లేదా?

డ్రిప్_మేస్త్రి (కడప):
నేను డ్రిప్ పైపులు బిగించే పని చేస్తా. పొద్దున లేస్తే కడప చుట్టుపక్కల చీనీ (బత్తాయి), అరటి తోటల్లోనే. జేబులో మడతకత్తి లేకుంటే చెయ్యి విరిగినట్టే. 16 ఎంఎం లేటరల్ (మొక్కల వరస వెంబడి పోయే సన్న పైపు) కోయాలన్నా, మూట తాడు తెంపాలన్నా, మధ్యాహ్నం చీనికాయ తినాలన్నా అదే.

మొన్న ఒక ప్లాస్టిక్ క్యాను మూతకు బొక్క పెడదామని మొన ఆనించి నెట్టినా. తిరునాళ్ళలో కొన్న కత్తి, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే లాక్ లేదు. మొన జారింది, బ్లేడు వెనక్కి మడుచుకుని చూపుడువేలి కణుపు మీద పడింది. మూడు కుట్లు. ఇంక లాక్ లేని కత్తి చచ్చినా కొనను అనుకుంటున్నా. మూడు వేల లోపు పెట్టగలను. విక్టోరినాక్స్ స్పార్టన్ (చిన్న పనిముట్లు కూడా ఉండే స్విస్ మడతకత్తి) కొనమని ఒకరు చెప్పినారు, చూస్తే దానికీ లాక్ లేదు. ఒపినెల్ 8వ నంబరు (చెక్క పిడి, రింగు తిప్పి లాక్ చేసే ఫ్రెంచి మడతకత్తి), లైనర్ లాక్ (పిడి లోపలి రేకు బ్లేడుకు అడ్డం పడే లాక్) ఉన్న డీ2 స్టీలు కత్తి కూడా చూస్తున్నా. వాడినోళ్ళు చెప్పండి.

చీనీతోట (అనంతపురం):
అన్నా, వేలు ఎట్లుంది ఇప్పుడు? కోపం చేసుకోకు గానీ తప్పు కత్తిది కాదు. లాక్ లేని కత్తిని లాగి కోయాలి, నెట్టి గుచ్చకూడదు. లాగేటప్పుడు బ్లేడు ఇంకా తెరుచుకునే వైపుకే బలం పడుతుంది, గుచ్చితే మూసుకునే వైపుకు. మా తాత జేబులో నలభై ఏళ్ళు లాక్ లేని కత్తే ఉన్నింది, పది వేళ్ళతోనే పోయినాడు. ఆయన కడప బండ మీద రెండు సార్లు రుద్దితే వెంట్రుకలు గొరిగేది.

టార్చిలైటు (కడప):
లైనర్ లాక్ తీసుకో బ్రో, ఆలోచించకు. ఒంటి చేత్తో తెరుచుకుంటుంది, టక్కుమని లాక్ పడుతుంది. నిచ్చెన మీద ఒక చేత్తో కేబులు పట్టుకుని ఇంకో చేత్తో కత్తి తీసేవాడిని, నాకు గోటితో గీరి తెరిచే కత్తి కుదరదు. డీ2 అయితే నెలల తరబడి పదును పోదు.

అంటుకత్తి (అనంతపురం):
పదును పోదు నిజమే, పోయినప్పుడు చూడాలి మీ అవస్థ. డీ2లో కార్బన్ ఎక్కువ, గట్టి స్టీలు. ఇంట్లో ఉండే మామూలు సానరాయికి తొందరగా లొంగదు, డైమండ్ రాయి ఉంటే మేలు. విక్టోరినాక్స్ స్టీలు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56 దగ్గర, కొంచెం మెత్తన. తొందరగా మొండిపోతుంది, అంతే తొందరగా పదునెక్కుతుంది. టీ కప్పు బోర్లించి అడుగున గరుగ్గా ఉండే అంచు మీద నాలుగు సార్లు లాగితే పని జరిగిపోతుంది.

చీనీతోట గారూ, కడప బండ సున్నపురాయి. ఉక్కును కొరికేంత గట్టిది కాదు. తాతగారు ఇసుక చల్లి రుద్ది ఉంటారు, పని చేసింది ఇసుక.

చీనీతోట:
అక్కా, ఇసుక చల్లేవాడు! నిజంగానే. నేను అది ఏదో శాస్త్రం అనుకున్నా.

అంటుకత్తి:
నా సంగతి చెప్తా. మా నర్సరీలో రంగపూర్ నిమ్మ మొక్కల మీద సాత్‌గుడి (చీనీ రకం) కన్నులు, అంటే మొగ్గలు, అంటు ఎక్కిస్తాం. బెరడు మీద టీ ఆకారంలో గీత పెట్టి, రెక్కలు లేపి, కన్ను లోపలికి జార్చి ప్లాస్టిక్ పట్టీతో చుడతాం. కత్తి మొండిగా ఉంటే బెరడు నలుగుతుంది, కన్ను పట్టదు. సీజన్‌లో రోజంతా ఇదే. లాక్ లేని కత్తితో పన్నెండేళ్ళుగా చేస్తున్నా. ఒక్కసారీ మడుచుకోలేదు, ఎందుకంటే గుచ్చే పనే లేదు. కానీ మేస్త్రి అన్నది కూడా కొట్టిపారేయలేను. ఆయన పనిలో గుచ్చకుండా గడవదు.

చీనీతోట:
గుచ్చడానికి కత్తి ఎందుకక్కా, దబ్బనం ఉంది కదా. స్పార్టన్ వెనకవైపు పోటు ఒకటి ఉంటుంది, బొక్కలు పెట్టడానికే.

టార్చిలైటు:
ఆ పోటుకు మాత్రం లాక్ ఉందా? అది మూసుకుంటే?

చీనీతోట:
లాక్ లేదు. కానీ అది పిడి నడుమ నుంచి అడ్డంగా తెరుచుకుంటుంది, టీ ఆకారంలో. అరచేత్తో పిడి మొత్తం పట్టుకుని నేరుగా నొక్కుతావు, బలమంతా పోటు వెంబడే పోతుంది. నేను క్యాన్లకు, బెల్టులకు దాంతోనే పెడతా. బ్లేడు ఈ పనికి తెరవనే తెరవను.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
స్టీలు, లాక్ అన్నీ మాట్లాడుతున్నారు, జేబులో పెట్టుకుని తిరిగే సంగతి ఎవరూ ఎత్తలేదు. మన సీమలో కత్తి అనగానే ఎదుటోడి చూపు మారుతుంది, తెలుసు కదా. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉంటేనే ఆయుధం లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. ఒపినెల్ 8 బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మూడున్నర అంగుళాలు కూడా లేదు.

అయినా ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు పాత 144, ఇప్పటి 163 సెక్షన్ ఆర్డరు (గుంపులు కూడొద్దని పెట్టే నిషేధం) పెడితే దాంట్లో ఆయుధాలు పట్టుకుని తిరగొద్దని ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో పెట్టి రా. కోర్టు పనికి పోయేటప్పుడు, తిరుమల పోయేటప్పుడు కూడా. అలిపిరి దగ్గర బ్యాగులు స్కాన్ చేస్తారు. కడప నుంచి ఫ్లైటెక్కితే చెకిన్ బ్యాగులో వెయ్యి.

ఇంకో మాట. నల్ల పిడి, టక్కున తెరుచుకునే కత్తి చూస్తే చెకింగ్‌లో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. చెక్క పిడి చూస్తే పండ్లు కోసుకునేది అనుకుంటారు. చట్టంలో ఈ తేడా లేదు, రోడ్డు మీద ఉంది.

టార్చిలైటు:
నన్ను రెండేళ్ళలో ఎవరూ అడగలేదు అన్నా.

కొండారెడ్డి_బురుజు:
నడుముకు టూల్ బెల్టు, చేతిలో కేబులు చుట్ట ఉన్నోడిని ఎవరడుగుతారు? అదే కత్తి పెట్టుకుని రాత్రి పదకొండుకు చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని నడిచి చూడు.

పెన్నా_ఒడ్డు (కడప):
లైనర్ లాక్ గురించి ఒక్కటి చెప్పి పోతా. పిడి లోపల సన్నని రేకు ఉంటుంది, బ్లేడు తెరిస్తే అది పక్కకు జరిగి బ్లేడు మడమకు అడ్డం నిలుస్తుంది. ఆ సందులో మన ఎర్రమట్టి, ఇసుక చేరితే రేకు పూర్తిగా జరగదు. బయటికి లాక్ పడినట్టే కనిపిస్తుంది. నా దాంట్లో అట్లే అయింది. తెరిచి బ్లేడు వీపును చెక్క మీద మెల్లగా తడితే మూసుకుపోయింది! వేళ్ళు అడ్డం లేవు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు వారానికోసారి పాత టూత్ బ్రష్‌తో తోముతున్నా. తోటలో తిరిగే మేస్త్రికి ఒపినెల్ రింగే మేలు, పైకే కనిపిస్తుంది, ఉఫ్ అని ఊదితే చాలు. 1955 నుంచి అదే రింగు. వానకు తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది అంటారు, మన దగ్గర అంత వాన ఎప్పుడొచ్చింది?

అంటుకత్తి:
ఒపినెల్ తీసుకుంటే కార్బనా, స్టెయిన్‌లెస్సా చూసుకోండి. కార్బన్ తేలిగ్గా పదునెక్కుతుంది, మన పొడి గాలికి కోస్తా వాళ్ళంత తుప్పు బాధ ఉండదు. కానీ మీరు చీనికాయ కోస్తారు. పులుపు తగిలితే నల్లబడుతుంది. నేను మొక్కకూ మొక్కకూ మధ్య బ్లీచింగ్ నీళ్ళలో ముంచాలి, లేకుంటే ఒక చెట్టు రోగం ఇంకో చెట్టుకు అంటుతుంది. అందుకే నాది స్టెయిన్‌లెస్. మీకు ఆ బాధ లేదు.

డ్రిప్_మేస్త్రి:
అందరికీ థ్యాంక్స్. ఒపినెల్ 8, కార్బన్ తెప్పించినా. ఇంకో వంద పెట్టి దబ్బనం, దానికి చెక్క పిడి కూడా చేయించినా, చీనీతోట అన్న మాట తీసేయలేక. కుట్లు విప్పినారు, వేలు వంగుతోంది గానీ పొద్దున పూట పట్టేస్తది.

కత్తి వచ్చిన రోజే మా అమ్మ చూసి, పదును బాగుందని ఊరగాయకు యాభై నిమ్మకాయలు కోసి సింకులో పడేసింది. సాయంత్రానికి బ్లేడు నీలం, నలుపు, మధ్యలో నెమలి రంగు. గుండె జల్లుమనింది. ఇది తుప్పేనా?

అంటుకత్తి:
కాదు. నలుపు మంచిదే, ఎరుపు వస్తే తుప్పు. కడిగి, తుడిచి, రెండు చుక్కలు వేరుశనగ నూనె రాయండి. అమ్మను ఏమీ అనొద్దు.

చీనీతోట:
అది సరే. తెరిచిన ప్రతిసారీ రింగు తిప్పుతున్నావా? అది దానంతట అది పడే లాక్ కాదు.

డ్రిప్_మేస్త్రి:
వారంలో రెండు సార్లు మర్చిపోయినా.